హెడ్‌సెట్ అడాప్టర్‌కు విడి బోర్డు కొంటున్నారా? టంకం వేసే ముందు ఇది చదవండి

గేమింగ్ హెడ్‌సెట్ ప్లగ్‌ను కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టుకు కలిపే అడాప్టర్ పాడైతే, లోపలి సర్క్యూట్ బోర్డు ఒక్కటి మార్చుకుంటే చాలని ఆన్‌లైన్‌లో విడిగా అమ్ముతున్నారు. నేనూ ఒకటి తెప్పించుకుని మోసపోయాను. మీరూ ఆర్డర్ పెట్టబోతుంటే కాస్త ఆగండి.

నా అడాప్టర్‌లో ఎడమ చెవికి శబ్దం వస్తూ పోతూ ఉండేది. జాక్ దగ్గర ప్లగ్ కదిపితే వచ్చేది, వదిలేస్తే పోయేది. బోర్డు పోయిందనే అనుకున్నాను. అమ్మకందారు పెట్టిన ఫొటోలో చిప్‌తో సహా అంతా నా బోర్డులాగే ఉంది. చేతికి వచ్చింది మాత్రం వేరు. చిప్ ఉండాల్సిన చోట నల్లటి జిగురు బొట్టు ఉంది. అప్పుడే వెనక్కి పంపేయాల్సింది. స్క్రూ రంధ్రాలు సరిపోయాయి కదా అని ముందుకెళ్లాను, అదే నా తప్పు.

కేబుల్‌లో నాలుగు వైర్లుంటాయి: ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు, ఆకుపచ్చ డేటాకు. పాత బోర్డులో ఎరుపు వైరు ఉన్న చోట కొత్తదాంట్లో గ్రౌండ్ ఉంది. పక్కన ఒక్క గుర్తయినా లేదు. మల్టీమీటర్‌తో ముందే చూశాను కాబట్టి సరిపోయింది. పాత వరసలోనే వేసేసి ఉంటే కరెంటు తారుమారై బోర్డు కాలిపోయేది, కంప్యూటర్ పోర్టుకు కూడా ముప్పే. ఇప్పటికీ తల్చుకుంటే టెన్షన్‌గా ఉంటుంది.

సరైన వరసలో టంకం వేశాక రెండు చెవులకూ శబ్దం వచ్చింది. కానీ డొల్లగా, మాటలు గోడ అవతలి నుంచి వస్తున్నట్టు. నా మైక్ ఎవరికీ వినపడలేదు. జాక్‌ను మీటర్‌తో పరీక్షిస్తే విషయం తెలిసింది. మైక్ కూడా ఉన్న 3.5 మిల్లీమీటర్ ప్లగ్‌లో నాలుగు భాగాలుంటాయి. ఇప్పటి హెడ్‌సెట్లలో ఎక్కువగా కనిపించే సీటీఐఏ పద్ధతిలో కొన నుంచి వరసగా ఎడమ, కుడి, గ్రౌండ్, మైక్. పాత ఓఎంటీపీ పద్ధతిలో చివరి రెండూ అటూ ఇటూ మారతాయి. నా హెడ్‌సెట్ మొదటి రకం, ఈ బోర్డు రెండో రకం. "మీ మోడల్‌కు సరిగ్గా సరిపోతుంది" అని రాసి అమ్మిన బోర్డు ఇది!

పైగా హెడ్‌సెట్ సొంత సాఫ్ట్‌వేర్ దీన్ని గుర్తించనే లేదు. ప్రతి యూఎస్‌బీ పరికరానికీ వెండర్ ఐడీ (తయారీదారుది), ప్రోడక్ట్ ఐడీ (ఆ పరికరానిది) అని గుర్తింపు కోసం రెండు నంబర్లుంటాయి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, ఆ పరికరం వివరాల్లో హార్డ్‌వేర్ ఐడీలు చూస్తే కనిపిస్తాయి. పాతదానివీ దీనివీ కలవలేదు. దాంతో ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే సరౌండ్ (చుట్టూ శబ్దం వస్తున్నట్టు అనిపించేది), ఈక్వలైజర్ (శబ్దం తీరు మార్చుకునేది) రెండూ పోయాయి.

ఫొటోలు జతచేసి అమ్మకందారుకు రాస్తే ఒక్కటే జవాబు: టంకం వేసిన వస్తువు వెనక్కి తీసుకోరట. టంకం వేయకుండా ఈ లోపాలు ఎలా బయటపడతాయని అడిగితే సమాధానం లేదు.

కాబట్టి డబ్బు కట్టకముందే బోర్డు రెండు వైపులా తీసిన అసలు ఫొటో, ఆ రెండు ఐడీలు అడగండి. ఇవ్వడానికి వెనకాడితే వదిలేయండి. మీ పాత అడాప్టర్ పూర్తిగా చచ్చిపోకముందే దాని ఐడీలు రాసి పెట్టుకోండి, పాత వైర్ల వరసను ఫొటో తీసుకోండి. వైర్‌లెస్ డాంగిల్ (వైరు లేని హెడ్‌సెట్ కోసం కంప్యూటర్‌కు పెట్టే చిన్న పరికరం) అయితే ఇంకా జాగ్రత్త. కొత్త బోర్డు పెడితే హెడ్‌సెట్‌తో మళ్లీ జత చేయాల్సి రావచ్చు, ఆ వీలు మీ మోడల్‌లో ఉందో లేదో ముందే తెలుసుకోండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటుంది. చివరికి పాత బోర్డును భూతద్దం కింద పెట్టి చూశాను. జాక్‌ను బోర్డుకు కలిపే లోహపు కాలు చుట్టూ టంకంలో వెంట్రుక మందాన, ఉంగరంలా పగులు. అంతే! ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి రాసేది) రాసి, ఆ టంకాన్ని మళ్లీ కరిగించి, కాస్త కొత్తది చేర్చాను. వైర్లు తిరిగి పాత బోర్డుకే వేశాను. ఇప్పుడు ప్లగ్ ఎంత కదిపినా శబ్దం పోవడం లేదు. మీది కూడా కదిపితే వచ్చిపోయే రకమైతే, ముందు జాక్ కాళ్లు చూడండి. బోర్డు సంగతి ఆ తర్వాత.