నగరం తరఫున వాదించాలంటే: సిటీ అటార్నీ ఆఫీసా, ప్రైవేటు ఫర్మా?

కాలిఫోర్నియాలో నగరాలు, కౌంటీలు, స్కూల్ డిస్ట్రిక్టుల మీద పడే సివిల్ దావాల్లో వాటి తరఫున వాదించాలనుకునే లాయరుకు రెండు దారులున్నాయి. ఒకటి, సిటీ అటార్నీ లేదా కౌంటీ కౌన్సెల్ ఆఫీసులో, అంటే నగరం లేదా కౌంటీ సొంత లాయర్ల ఆఫీసులో, ఉద్యోగం. రెండోది, ఆ సంస్థలు గంటల లెక్కన ఫీజు ఇచ్చి పెట్టుకునే ప్రైవేటు ఫర్మ్. చిన్న నగరాల్లో చాలాచోట్ల సొంత ఆఫీసే ఉండదు, సిటీ అటార్నీగా పనిచేసేది కూడా కాంట్రాక్టు మీద వచ్చిన ఫర్మే.

చట్టం రెండుచోట్లా ఒకటే. గాయపడినవాళ్లు సాధారణంగా 6 నెలల్లోపు ముందు ఆ సంస్థకే క్లెయిమ్ పెట్టుకోవాలి. పోలీసుల మీద పౌరహక్కుల కేసయితే, 1871 నాటి చట్టం నుంచి వచ్చిన సెక్షన్ 1983 వర్తిస్తుంది. ప్రభుత్వం తరఫున పనిచేసేవాళ్లు హక్కులు ఉల్లంఘిస్తే దావా వేయనిచ్చే ఫెడరల్ చట్టమది. అందులో ఉద్యోగి తప్పు చేశాడన్నంత మాత్రాన నగరం బాధ్యత వహించదు. నగరం విధానమో, అక్కడ పాతుకుపోయిన అలవాటో ఆ నష్టానికి కారణమని చూపాలి. 1978లో మోనెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

అసలు తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆ విధానం ఎవరు రాశారో, ట్రైనింగ్ ఎలా ఇస్తారో లోపలి లాయరుకు ముందే తెలుసు. బయటి లాయరు అదంతా కొత్తగా తెలుసుకోవాలి, ఆ గంటల ఖర్చు పడేది జనం కట్టిన పన్నుల మీదే. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది మరొకటి. ఒక క్రాసింగ్ దగ్గర మనిషి దెబ్బతిని నగరం మీద దావా వేశాడనుకోండి. ఆఫీసులోని లాయరు కేసు నడుస్తుండగానే రోడ్ల విభాగానికి వెళ్లి "ముందు దాన్ని బాగుచేయండి" అనగలడు. బాగుచేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని అధికారులు భయపడతారు. కానీ ప్రమాదం తర్వాత చేసిన మరమ్మతును నిర్లక్ష్యానికి రుజువుగా చూపడాన్ని కాలిఫోర్నియా సాక్ష్య చట్టం ఒప్పుకోదు. ఆ మాట ధైర్యంగా చెప్పి ఇంకొకరు అక్కడే పడకుండా చూడడం కేసు గెలవడం కంటే పెద్ద పని. బయటి లాయరూ ఈ సలహా ఇవ్వొచ్చు, కాకపోతే కేసు ముగిశాక ఆ పని జరిగిందో లేదో చూసే అవకాశం అతనికి తక్కువ.

డబ్బు విషయంలో ఫర్మ్‌దే సాధారణంగా పైచేయి, కానీ బిల్లబుల్ గంటల (క్లయింటుకు బిల్లు వేయగలిగే గంటల) టెన్షన్ ఉంటుంది. ఫెడరల్ స్టూడెంట్ లోన్ ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ, నిబంధనల ప్రకారం 120 నెలసరి వాయిదాలు కడితే మిగతా బాకీ మాఫీ అయ్యే పథకం ఉంది. లాభం కోసం నడిచే ఫర్మ్ ఉద్యోగానికి అది వర్తించదు.

ఫర్మ్ వైపు గట్టి కారణం ఒకటుంది. నగరానికీ దాని ఉద్యోగికీ ప్రయోజనాలు వేరైనప్పుడు విడిగా లాయర్ని పెట్టాల్సి వస్తుంది. అలాంటి చిక్కు కేసులు తరచూ బయటికే వెళ్తాయి, రకరకాల సంస్థల పనీ అక్కడ తెలుస్తుంది.

నా ఓటు మాత్రం సిటీ అటార్నీ ఆఫీసుకే. చేరేముందు ఇంటర్వ్యూలో ఒక్కటి అడగండి: "జ్యూరీ దాకా వెళ్లే కేసులు మీరే వాదిస్తారా, బయటికి పంపేస్తారా?" పంపేస్తామంటే, మొదటి రెండు మూడేళ్లు ఫర్మ్‌లో పని నేర్చుకుని తర్వాత ఇటు రండి.