లండన్‌లో 59 పౌండ్ల టూరు, 5.60 పౌండ్ల పింటు

పోయిన వారం ఒక మెయిల్ వచ్చింది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీరు పెట్టిన రివ్యూ తీసేస్తే టికెట్ డబ్బుల్లో సగం వెనక్కి ఇస్తాం" అని. పంపింది లండన్‌లో బీరు టూర్లు నడిపే ఒక కంపెనీ. పేరు ఇక్కడ రాయను, రివ్యూ ఉండాల్సిన చోట ఉంది. ఆ మెయిల్ రాకపోతే మూడు రోజుల ట్రిప్పు గురించి ఇంత రాసేవాణ్ని కాదు.

వెళ్లింది ముగ్గురం. నేను, గచ్చిబౌలి ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే ఫ్రెండు, లండన్ దగ్గర రెడింగ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్న మా బావ. మా ఫ్రెండుకి బీరంటే భక్తి. హైదరాబాద్‌లో కొత్త మైక్రోబ్రూవరీ తెరిస్తే మొదటి వారంలోనే వెళ్లి, ఏది ఎంత చేదుగా ఉంది, ఏ హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) వేశారు అని ఫోన్లో రాసుకుంటాడు. బావకి బీరంటే 650 మిల్లీలీటర్ల సీసా, దాని మీద చెమట పట్టినట్టు నీటి చుక్కలు. మిగతాదంతా వేషాలు.

2025 సెప్టెంబరు మూడో వారం అది. వీసా మనిషికి 127 పౌండ్లు, పౌండు దాదాపు 119 రూపాయలు. శుక్రవారం అంతా సాఫీగా గడిచింది. ప్యాడింగ్టన్ దగ్గర హోటల్ గది ఇద్దరికి రాత్రికి 112 పౌండ్లు. నేలమాళిగలో ఇచ్చారు. కిటికీ తెరిస్తే పక్కింటి చెత్తడబ్బాలు. నిద్ర మాత్రం బాగా పట్టింది, కాబట్టి దాని జోలికి పోను.

అసలు కథ శనివారం. టూర్ టికెట్ మనిషికి 59 పౌండ్లు. ముగ్గురికి 177, బావ కార్డు మీదే. "మా ఊరొచ్చారు, మీ చేత కట్టిస్తానా" అన్నాడు. తర్వాత ఈ మాట గురించి ఆయన చాలా బాధపడ్డాడు. వెబ్‌సైట్‌లో రాసింది ఏంటంటే, చిన్న బృందం, ఆరు రకాల బీర్లు, మూడు బ్రూవరీలు, మనసు విప్పి కబుర్లు. చోటు బెర్మండ్సీ. అక్కడ లండన్ బ్రిడ్జి స్టేషన్‌కి వెళ్లే రైలు పట్టాల కింద ఇటుక కమాన్లు వరసగా ఉంటాయి. 2009లో కెర్నెల్ అనే బ్రూవరీ ఆ చుట్టుపక్కల ఒక కమాన్‌లో మొదలైంది. దాని వెనకే ఒక్కొక్కరూ చేరారు. ఇప్పుడు ఆ దారినే బీర్ మైల్ అంటున్నారు. శనివారమైతే పెళ్లికి ముందు స్నేహితులతో తాగడానికొచ్చే గుంపులతో జాతరే.

"చిన్న బృందం" అంటే ఇరవై రెండు మంది. గైడ్ పాతిక నిమిషాలు లేటు. మొదటి కమాన్‌లో బాగానే ఉంది, రెండోదాంట్లో మాకు చోటు దొరక్క బయట ఖాళీ పీపాల పక్కన నిలబెట్టాడు. పైన రెండు నిమిషాలకో రైలు. వాడు ఏం చెబుతున్నాడో ముందు వరసకే వినపడుతోంది. పింటు అంటే 568 మిల్లీలీటర్లు. వీళ్ల గ్లాసులు అందులో మూడో వంతువి, అంటే 189. ఆరు అన్నవి ఐదయ్యాయి. మా ఫ్రెండు అక్కడే లెక్క కట్టాడు. ఐదు గ్లాసులు కలిపితే 945 మిల్లీలీటర్లు, రెండు పింటులు కూడా నిండవు. దానికి ఏడు వేల రూపాయలు పైన. బోర్డు మీద చూస్తే అదే గ్లాసు మూడు పౌండ్ల లోపు. టూర్ ఎక్కకుండా మీ కాళ్ల మీద మీరు నడిచి వెళ్లండి, పదిహేను పౌండ్లలో అయిపోతుంది. మధ్యాహ్నం పన్నెండుకే వెళ్లండి, రెండు దాటితే చోటుండదు.

ఇదంతా ఒక ఎత్తు. మా గుంపులో ఒక అమెరికా ఆవిడ ఉంది. ఆ బుధవారమే వాళ్ల దేశంలో జిమ్మీ కిమ్మెల్ అనే కమెడియన్ రాత్రిపూట చేసే షోని ఏబీసీ చానల్ ఆపేసింది. అంతకు ముందు ప్రసారాల నియంత్రణ సంస్థ ఛైర్మన్ చానల్‌ని బెదిరించినట్టు మాట్లాడాడు. ఆవిడ ఆ సంగతి ఎత్తి "మీ బీబీసీలో ఇలాంటివి జరుగుతాయా?" అని గైడ్‌ని అడిగింది. మంచి ప్రశ్న, అందరం వాడి వైపు తిరిగాం. వాడు చెయ్యి అడ్డంగా ఊపి "ఈ టూర్లో రాజకీయాలు, మతం, టీవీ గొడవలు ఉండవు" అన్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. మనసు విప్పి కబుర్లు అని రాసింది వీళ్లే! మా ఫ్రెండు తెలుగులో "సెలూన్‌లో బోర్డు పెట్టినట్టుంది కదరా" అన్నాడు. మా బావకి ఆ గొడవే పట్టలేదు. ఆరో గ్లాసు ఏదని గైడ్‌ని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగబోతే నేను ఆపాను.

సాయంత్రం ముగ్గురం మొహాలు మాడ్చుకుని బస్సెక్కాం. కార్డు టాప్ చేస్తే బస్సులూ ట్యూబూ (భూగర్భ రైలు) కలిపి ఊరి మధ్యలో అప్పుడు రోజుకి 8.90 పౌండ్లకు మించి తీసుకునేవాళ్లు కాదు. ఈ ఊళ్లో నాకు పూర్తిగా నచ్చిన లెక్క ఇదొక్కటే. దిగింది బీబీసీ బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ దగ్గర. గేటు పక్కన జార్జ్ ఆర్వెల్ విగ్రహం ఉంది, 2017లో పెట్టారు. చేతిలో సిగరెట్, నడుం మీద చెయ్యి, ఎవరితోనో వాదిస్తున్నట్టు ముందుకి వంగి ఉంటాడు. మన బిహార్‌లోని మోతిహారిలో పుట్టిన మనిషి. 1941 నుంచి రెండేళ్లు బీబీసీలో పనిచేసి ఇండియాకి రేడియో ప్రసారాలు చేశాడు. వెనక గోడ మీద ఆయన వాక్యం చెక్కారు. ఎదుటివాళ్లకి వినడం ఇష్టంలేనిది చెప్పగలగడమే స్వేచ్ఛ అన్నది దాని సారం. మా ఫ్రెండు ఫొటో తీసి "దీన్ని ఆ గైడ్‌కి పంపుదాం" అన్నాడు. బావ అడిగింది వేరు. "సిగరెట్‌తో విగ్రహం పెట్టనిచ్చారా?"

ఆర్వెల్‌కి బీరు మీద కూడా ఖచ్చితమైన అభిప్రాయాలున్నాయి. 1946లో ఒక లండన్ పత్రికలో తనకి నచ్చిన పబ్ ఎలా ఉంటుందో వివరంగా వర్ణించి, చివర్లో అలాంటి పబ్ అసలు లేదని తేల్చేశాడు. రేడియో, పియానో ఉండకూడదట, మాటలు వినపడాలి కాబట్టి. బీబీసీ వెనక గ్రేట్ పోర్ట్‌లాండ్ వీధిలో జార్జ్ అనే పాత పబ్ ఉంది. దాని ముద్దుపేరు గ్లూపాట్, అంటే జిగురు గిన్నె. వాద్యకారులు తాగడానికి వెళ్లి రిహార్సల్‌కి తిరిగి రాకుండా అక్కడే అతుక్కుపోతున్నారని హెన్రీ వుడ్ అనే సంగీత నిర్వాహకుడు విసుక్కుని పెట్టిన పేరట. అక్కడ కాలు పెట్టే చోటు లేదు. రెండు సందులవతల ఇంకో పబ్‌లో దూరాం. దాని పేరు కూడా రాయను, కానీ కారణం వేరు. చోటు తక్కువ.

మా బల్ల కొసన నలుగురు పెద్దాయనలు. అందరూ డెబ్బై దాటినవాళ్లే. ముగ్గురి దగ్గర క్యామ్రా సభ్యత్వ కార్డులు. క్యామ్రా అంటే 1971లో నలుగురు కుర్రాళ్లు మొదలుపెట్టిన సంఘం. పెద్ద కంపెనీలు గ్యాస్ కొట్టిన బీరుతో అసలు ఏల్‌ని చంపేస్తున్నాయని వాళ్ల కోపం. అసలు ఏల్ అంటే పీపాలో చేరాక కూడా పులుస్తూనే ఉండే బీరు. గ్యాస్ కలపరు, నేలమాళిగ చల్లదనంతోనే ఇస్తారు, పన్నెండు డిగ్రీల దగ్గర. బార్లో అమ్మాయి పొడుగాటి చెక్క పిడి పట్టుకుని బోరింగ్ కొట్టినట్టు నెమ్మదిగా రెండున్నర సార్లు లాగింది. గ్లాసులో మొదట అంతా మజ్జిగలా తెల్లగా కలగాపులగం. తర్వాత అడుగు నుంచి రాగి రంగు తేరుకుంటూ పైకొచ్చింది. పింటు 5.60 పౌండ్లు. నురగ కింద ఒక వేలు మందం ఖాళీ ఉందని పక్కాయన నా గ్లాసు తీసుకుని "కొంచెం నింపమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా నింపింది. పొద్దున అడిగినా రాని ఆరో గ్లాసు గుర్తొచ్చింది.

బావ ఒక గుటక వేసి "చల్లారిపోయిన టీలా ఉంది" అన్నాడు. మా ఫ్రెండు మాత్రం కళ్లు మూసుకున్నాడు. బిస్కెట్ వాసన, మట్టి వాసన, చివర్న చేదు అని ఫోన్లో రాసుకుంటూ రెండో పింటు కూడా ముగించాడు. అప్పుడు పెద్దాయన సంతోషంగా అసలు రహస్యం చెప్పాడు. ఈ ఏల్ ఇంత తేటగా ఉండటానికి పీపాలో చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వేస్తారట. మడ్డిని కిందకి లాగేస్తుందట. మా ఫ్రెండు శనివారాలు నీచు ముట్టడు. వెంకటేశ్వరస్వామి మొక్కు, పదేళ్లుగా తప్పలేదు. బీరుకి మొక్కులో మినహాయింపుంది, చేపకి లేదు. వాడు గ్లాసు బల్ల మీద పెట్టిన తీరు నేను మర్చిపోలేను. తర్వాత గంటసేపు కోక్ తాగుతూ కూర్చున్నాడు. శనివారాలు, మొక్కులు ఉన్నవాళ్లు "అన్‌ఫైన్డ్", అంటే ఆ పదార్థం వేయనిది, అని అడిగి తీసుకోండి. కొత్త తరం క్రాఫ్ట్ బ్రూవరీల్లో చాలామటుకు అలాగే మసకగా ఇస్తారు.

పొద్దున ఆగిపోయిన ప్రశ్నని నేనే ఇక్కడ వేశాను. ఇక చూడండి. ఒకాయన ఒకప్పుడు రేడియోలో సౌండ్ పనిచేశాడు. 2023 మార్చిలో గ్యారీ లినెకర్ అనే టీవీ వ్యాఖ్యాత గొడవతో మొదలుపెట్టాడు. శరణార్థుల విషయంలో ప్రభుత్వం వాడే భాష 1930ల నాటి జర్మనీని గుర్తుచేస్తోందని లినెకర్ ట్వీట్ చేశాడు. బీబీసీ అతన్ని 'మ్యాచ్ ఆఫ్ ద డే' అనే ఫుట్‌బాల్ షో నుంచి పక్కన పెట్టింది. తోటి వ్యాఖ్యాతలు మేమూ రామన్నారు. ఆ శనివారం 'మ్యాచ్ ఆఫ్ ద డే' యాంకర్ లేకుండా, కామెంటరీ లేకుండా ఇరవై నిమిషాల్లో ముగిసింది. సోమవారానికి డైరెక్టర్ జనరల్ క్షమాపణ చెప్పాడు. "నా జీవితంలో చూసిన బెస్ట్ షో అదే, ఎవడూ వాగలేదు" అని ఇంకో పెద్దాయన. మూడో ఆయనకి కోపం వచ్చింది. "జనం కట్టే టీవీ లైసెన్సు డబ్బుతో బతికేవాడు నోరు అదుపులో పెట్టుకోవాలి. మరి 2008లో రేడియోలో ఒక ముసలి నటుడికి ఫోన్ చేసి బూతులు మాట్లాడినప్పుడు లక్షన్నర పౌండ్ల జరిమానా ఎవరు కట్టారు? మనమే!"

లైసెన్సు మాట వినగానే అప్పటిదాకా మూలన ముడుచుకున్న మా బావ లేచి కూర్చున్నాడు. టీవీ చూడ్డానికి కట్టే ఆ లైసెన్సు అప్పుడు ఏడాదికి 174.50 పౌండ్లు. ఆయన బీబీసీ చూడడు. మన తెలుగు చానళ్లు లైవ్‌లో చూస్తాడు. ఏ దేశపు చానలైనా లైవ్ చూస్తే లైసెన్సు కట్టాల్సిందే. "మన సీరియల్ చూడ్డానికి మీ బీబీసీకి డబ్బులేంటండీ" అని అడిగాడు. నలుగురూ బల్ల చరిచి నవ్వారు. పదకొండేళ్లలో ఇంగ్లీషువాళ్లతో బావ అంతసేపు మాట్లాడటం నేను చూళ్లేదు.

మీ దేశంలో ఎలా అని నన్నడిగారు. 2023లో మోదీ మీద బీబీసీ డాక్యుమెంటరీ లింకుల్ని కేంద్రం బ్లాక్ చేయించడం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థులు ఒక వర్గం అది వేస్తే ఇంకో వర్గం వేరే సినిమా వేయడం చెప్పాను. మా ఫ్రెండు బల్ల కింద నా కాలు తొక్కుతూనే ఉన్నాడు. "ఒరేయ్, వద్దురా, మళ్లీ రావాలి ఇక్కడికి." ఇక్కడికి రావడానికీ దానికీ సంబంధం ఏంటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది బార్లో అమ్మాయి మాట. అప్పుడు వాళ్ల పార్లమెంటులో ఒక కార్మిక హక్కుల బిల్లు నడుస్తోంది. కస్టమర్లు సిబ్బందిని వేధించకుండా యజమాని చూసుకోవాలని అందులో ఒక నిబంధన. పబ్‌లో సరదా మాటలు కూడా బంద్ అయిపోతాయని విమర్శకులు దానికి "బాంటర్ బ్యాన్" అని పేరు పెట్టారు. పెద్దాయనలు నలుగురూ, లినెకర్ విషయంలో కొట్టుకున్నవాళ్లు, ఇక్కడ ఒక్కటయ్యారు. ఆ అమ్మాయి గ్లాసులు తుడుస్తూ "మాట్లాడేది మీరు, ఎనిమిది గంటలు నిలబడి వినేది నేను" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కోపిష్టి పెద్దాయన ఆమెకి ఒక అర పింటు బీరు కొనిచ్చాడు. ఒప్పుకున్నట్టో కానట్టో తెలీలేదు.

ఇంకో సంగతి. ఇక్కడ ఒక్కొక్కరు అందరికీ కొంటారు, దాన్ని రౌండ్ అంటారు. మొదటి రౌండ్ పెద్దాయన కొన్నాడు. మన వంతు వచ్చేసరికి బావ టాయిలెట్‌కి వెళ్లాడు. పది నిమిషాల తర్వాత వస్తే గ్లాసులు ఖాళీగా, వంతు అలాగే ఉంది. ఏడుగురికి ఏడు, 39.20 పౌండ్లు. నేను కడతానంటే ఒప్పుకోలేదు, మొహం మాత్రం చూడలేకపోయాను. పదింటికి పెద్దాయనలు లేచారు. 'మ్యాచ్ ఆఫ్ ద డే' టైమైందట, కోపిష్టాయన కూడా.

ఆదివారం హైడ్ పార్క్‌లో, ఎవరైనా నిలబడి ప్రసంగించే స్పీకర్స్ కార్నర్‌కి వెళ్లాం. పార్కుల్లో బహిరంగ సభలకి దారి చూపిన 1872 చట్టం, మార్క్స్, లెనిన్ వచ్చిన చోటు అని చదువుకుని వెళితే, అరడజను మంది మతం మీద అరుచుకుంటున్నారు, చుట్టూ అందరి చేతుల్లో ఫోన్లు. మా ఫ్రెండు "మన ఇందిరా పార్కు ధర్నా చౌక్ నయం, టెంటైనా ఉంటుంది" అన్నాడు. అరగంట చాలు, దానికోసం ప్రత్యేకంగా వెళ్లొద్దు.

ఇప్పుడు మెయిల్ విషయం. సగం అంటే 88.50 పౌండ్లు, వచ్చేది బావ కార్డుకి. బావ ఫోన్ చేశాడు. "తీసెయ్ బామ్మర్దీ, రివ్యూ ఏమన్నా శిలాశాసనమా?" నేను తీయనన్నాను. "నీ వాక్ స్వాతంత్ర్యానికి నా డబ్బులా?" అన్నాడు. అదీ నిజమే. అక్క ఇండియా అకౌంట్‌కి 10,530 రూపాయలు ఫోన్‌పే చేశాను. బావ నుంచి బొటనవేలు గుర్తు ఒకటి వచ్చింది. రివ్యూ ఇంకా అక్కడే ఉంది.