ఏడున్నరేళ్ల డాబా సోలార్: సబ్సిడీ ఒక ఎత్తు, నెట్ మీటర్ ఒక ఎత్తు

2018 మార్చి రెండో వారంలో మా డాబా మీదికి ప్యానెళ్లు ఎక్కాయి. నెట్ మీటర్ బిగించింది మే ఆఖర్లో. మధ్యలో రెండున్నర నెలలు, ఏడాది మొత్తంలో మంచి ఎండ కాసే రోజుల్లో, మూడు కిలోవాట్ల సోలార్ ఉండి కూడా ఒక్క యూనిట్ రాలేదు. రెండు వైపులా లెక్కించే మీటరు లేకుండా స్విచ్ వేయకూడదు. వేస్తే నష్టం మనకే. ఇళ్లలో ఉండే మామూలు ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి కరెంటు లోపలికి వస్తోందా, బయటికి పోతోందా అన్న తేడా ఉండదు. మనం లైనుకిచ్చిన యూనిట్‌ను కూడా మనం వాడినట్టే తిప్పేస్తాయి.

నేను లెక్కల టీచర్‌గా పని చేసి రిటైరయ్యాను. మీటరు బిగించిన రోజు నుంచి రీడింగులు ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. సోలార్ పెట్టించుకోవాలా వద్దా అని అడిగేవాళ్లకు ఆ నోట్‌బుక్కే చూపిస్తుంటాను. ఇక్కడ రాసేదంతా అందులోదే. మాది తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం, ఊరి చుట్టూ రైస్ మిల్లులు.

ముందు ఖర్చు. అప్పట్లో మొత్తం 1,95,000 రూపాయలైంది. ఆనాటి కేంద్ర పథకంలో బెంచ్‌మార్క్ ధర మీద, అంటే ప్రభుత్వం లెక్కకట్టిన ధర మీద, 30 శాతం సబ్సిడీ ఉండేది. అది నా చేతికి రాలేదు, పెట్టిన కంపెనీ తన బిల్లులోంచి సుమారు 55 వేలు తగ్గించింది. నేను కట్టింది 1,40,000. ఇదిగాక మా ఇంటికి మంజూరైన లోడు రెండు కిలోవాట్లే కాబట్టి, మూడుకు పెంచమని విడిగా దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి, నాలుగుసార్లు తిరిగాను.

ఇప్పటికి వచ్చిన యూనిట్లు సుమారు 30 వేలు. మొదటి రెండేళ్లు ఏడాదికి 4,200 దాకా వచ్చాయి, ఇప్పుడు 3,900 దగ్గర ఉంటోంది. మా దగ్గర మే కంటే మార్చిలోనే ఎక్కువ వస్తుంది. ఎండ ఎంత మండితే అంత కరెంటు అనుకుంటారు గానీ, ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకీ ఉత్పత్తి కొంచెం కొంచెం పడిపోతుంది. మే మధ్యాహ్నం ఆ గాజు మీద చెయ్యి పెట్టలేం. ఇక జులై, ఆగస్టు నెలల్లో ముసురు పడితే 260 యూనిట్లకు దిగిపోతుంది.

అసలు సంగతి బిల్లులో ఉంది. 2025 ఏప్రిల్ లెక్క చెప్తాను. ప్యానెళ్లు ఇచ్చినవి 390 యూనిట్లు. అందులో పగటిపూట ఇంట్లోనే ఖర్చయినవి 128. మిగతా 262 లైనుకు వెళ్లాయి. రాత్రి రెండు ఏసీలు నడుస్తాయి కాబట్టి లైను నుంచి మేం తీసుకున్నవి 338. బిల్లు వేసింది తేడాకి, అంటే 76 యూనిట్లకు. సోలార్ లేకపోతే మా వాడకం 466 యూనిట్లు. తెలంగాణ స్లాబుల్లో మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, తర్వాతి వందకు 7.70, ఆ పై వందకు 9 రూపాయలు, మిగిలిన 66కు 9.50. మొత్తం 3,317 రూపాయలు. 76 యూనిట్లకు ఎంత? వాడకం ఇంత తక్కువైతే స్లాబు రేట్లే వేరు. మొదటి 50కి 1.95, మిగతా 26కు 3.10. మొత్తం 178 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం వేరే ఉంటాయి, అవి సోలార్ ఉన్నా లేకున్నా తప్పవు.

మా ఇంటి వాడకం 466 యూనిట్లయితే ప్యానెళ్లు ఇచ్చింది 390. తగ్గిన డబ్బు మాత్రం 3,317 నుంచి 178కి. పగలు ఇచ్చిన యూనిట్‌కు బదులు రాత్రి ఇంకో యూనిట్ తీసుకోనిస్తున్నారు కాబట్టి, పైనున్న ఖరీదైన స్లాబులు ముందు కొట్టుకుపోతున్నాయి. దీన్నే నెట్ మీటరింగ్ అంటారు. ఇది కాక గ్రాస్ మీటరింగ్ అని ఇంకో పద్ధతి ఉంది. అందులో మన ప్యానెళ్ల నుంచి వచ్చిందంతా ఒక రేటుకు వాళ్లు కొంటారు, మనం వాడుకున్నదంతా మామూలు స్లాబుల్లో మనం కొనాలి. మా దగ్గర ఆరు నెలలకోసారి జరిగే సెటిల్‌మెంట్‌లో, మిగిలిన యూనిట్లకు పంపిణీ సంస్థ కరెంటు కొనే సగటు ధర ఇస్తారు. నాకు పడింది నేను కట్టే పై స్లాబు రేటులో సగం దగ్గర. ఆ రేటుకే మొత్తం అమ్ముకోవాల్సి వస్తే నా 1,40,000 తిరిగి రావడానికి ఎన్నేళ్లు పట్టేదో వేసి చూశాను. ఏడేళ్లు దాటుతోంది. నెట్ మీటర్ వల్ల ఆరో ఏట వచ్చేసింది.

అందుకే 2020 డిసెంబర్ ఆఖర్లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చినప్పుడు నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. పది కిలోవాట్ల దాకా నెట్ మీటరింగ్, ఆ పైన గ్రాస్ మీటరింగ్ అని అందులో రాశారు. మాది మూడే కాబట్టి మాకేం కాదు. కానీ ఇవాళ పది అన్నవాళ్లు రేపు రెండు అంటే? చిన్న పరిశ్రమల వాళ్లు, సోలార్ పెట్టేవాళ్లు గట్టిగా అడిగారు. 2021 జూన్‌లో సవరించి 500 కిలోవాట్లు లేదా మంజూరైన లోడు, ఏది తక్కువైతే అంతవరకు నెట్ మీటరింగ్ అని మార్చారు. ఒక్క వాక్యం మారితే ఎన్ని డాబాల లెక్కలు తారుమారవుతాయో ఆ ఆరు నెలల్లో తెలిసింది.

మా పెద్దమ్మాయి శాన్ హోసేలో ఉంటోంది. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ తర్వాత కొత్తగా దరఖాస్తు పెట్టినవాళ్లకు, లైనుకిచ్చే కరెంటుకు కట్టే విలువను సుమారు 75 శాతం తగ్గించారు. వాళ్లు దానికంటే ముందే పెట్టించుకున్నారు కాబట్టి 20 ఏళ్ల వరకు పాత లెక్కే నడుస్తుందట. ఈ మాట నాకు బాగా నచ్చింది. ఏ రూల్ చూసి డబ్బు పెట్టామో ఆ రూల్ ఇన్నేళ్లు ఉంటుందని చట్టంలోనే రాసి ఉండాలి. మన దగ్గర కూడా ముందు ముందు లెక్క మారుస్తారేమో, మార్చక తప్పని కారణాలు కూడా ఉండొచ్చు. పగలు అందరి డాబాల నుంచి కరెంటు వచ్చి పడితే, సాయంత్రం ఏడింటికి మాత్రం అందరూ ఒకేసారి లాగితే పంపిణీ సంస్థకు కష్టమేనని నాకూ తెలుసు. అయినా రిటైర్మెంట్ డబ్బులోంచి తీసి పాతికేళ్ల వస్తువు కొనుక్కున్నవాళ్లకు మధ్యలో ఆట మార్చడం న్యాయం కాదు.

పైగా మా కరెంటు వాళ్లకు ఊరికే బరువేం కాదు. 2003 విద్యుత్ చట్టంలో 86వ సెక్షన్ కింద, పంపిణీ సంస్థలు కొనే కరెంటులో ఇంత శాతం పునరుత్పాదక వనరుల నుంచి ఉండాలని రాష్ట్ర నియంత్రణ మండళ్లు నిర్ణయిస్తాయి. తర్వాత కేంద్రం దీనికి దేశమంతటికీ ఒక బాట వేసింది. 2029-30 నాటికి 43.33 శాతం, అందులో డాబాల మీది సోలార్ లాంటి చిన్న చిన్న ఏర్పాట్ల వాటా 4.5 శాతం. అంటే మా డాబా లాంటి డాబాలు లేకుండా ఆ లెక్క పూర్తి కాదు. ఆఫీసుల్లో మనం ఏదో దానం అడగడానికి వచ్చినట్టు మాట్లాడేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

ఆఫీసుల దగ్గర నా అనుభవం మంచీ చెడూ కలిసే ఉంది. మొదటి ఏడాది బిల్లు కొట్టడానికి వచ్చే అబ్బాయికి మీటర్లో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అని రెండు రీడింగులు ఉంటాయని ఎవరూ చెప్పలేదు. రెండు నెలలు ఇంపోర్ట్ ఒక్కటే చూసి పూర్తి బిల్లు ఇచ్చాడు. తప్పు అతనిది కాదు, నేర్పించనివాళ్లది. నేను నోట్‌బుక్కు, మీటరు ఫొటోలు పట్టుకుని కరెంటు బిల్లుల లెక్కలు చూసే ఈఆర్‌ఓ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ఒకావిడ ఓపిగ్గా కూర్చుని రెండు నెలల లెక్క సరిచేసింది. ఆ తర్వాత ఆ గొడవ మళ్లీ రాలేదు. మీరు కూడా నెల నెలా మీటరు ఫొటో తీసి పెట్టుకోండి. పని ఒక్క నిమిషమే.

పెట్టిన కంపెనీ సంగతి మాత్రం బాధగానే ఉంది. ఐదేళ్లు మెయింటెనెన్స్ వాళ్లే చూడాలన్నది సబ్సిడీ షరతు. మూడో ఏట నుంచి ఫోన్ ఎత్తలేదు. వాళ్లకు రావాల్సిన సబ్సిడీ డబ్బు అప్పటికే వచ్చేసింది కదా, ఇక వాళ్లను నిలదీసే దారి నాకు లేకపోయింది. ఆరో ఏట ఇన్వర్టర్ పోయింది. వారంటీ ఐదేళ్లే. బయట మెకానిక్‌ను పిలిపించి 32 వేలు పెట్టి కొత్తది వేయించాను. ప్యానెళ్లకు 25 ఏళ్లంటారు గానీ ఇన్వర్టర్‌కు అంత ఆయుష్షు ఉండదు, ఆ ఖర్చు మొదట్లోనే లెక్కలో వేసుకోండి. పెట్టినవాడు ఐదేళ్లూ వచ్చి చూశాడని వినియోగదారుడు సంతకం పెడితేనే విడుదలయ్యేలా కొంత డబ్బు ఆపి ఉంచాలని నేను గట్టిగా అడుగుతాను.

మా చెల్లెలు 2024 ఆగస్టులో పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లే పెట్టించుకుంది. డాబా సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే ఈ కేంద్ర పథకం అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చింది. కోటి ఇళ్లు, 75,021 కోట్ల రూపాయలు. సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు, ఇంటికి 78 వేలు మించదు. నాకూ దానికీ ఆరేళ్ల తేడాలో ఏం మారిందో దగ్గరుండి చూశాను. దరఖాస్తు పోర్టల్లోనే అయిపోయింది. వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణతో పది కిలోవాట్ల లోపు దరఖాస్తు సరిగ్గా ఉంటే సాధ్యాసాధ్యాల పరిశీలన లేకుండానే ఆమోదం పొందినట్టే లెక్క. కావాల్సిన లోడు పెంపు కూడా పంపిణీ సంస్థే చూసుకోవాలి. నేను నాలుగుసార్లు తిరిగిన పనికి చెల్లెలు గడప దాటలేదు. సబ్సిడీ నేరుగా దాని ఖాతాలో, నెల రోజుల్లో పడింది. ఇది చాలా పెద్ద మార్పు. అయితే ముందు మొత్తం డబ్బు మనమే పెట్టాలి, లేదా తాకట్టు లేకుండా బ్యాంకులిచ్చే లోన్ తీసుకోవాలి. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన ప్యానెళ్లే వాడాలి, అవి కాస్త ఖరీదు. ఆ షరతు నాకు సబబుగానే ఉంది.

మారనిది మీటరు. పెట్టాక 15 రోజుల్లో బిగించి నడిపించాలని నిబంధన. చెల్లెలికి ఐదు వారాలు పట్టింది. అడిగితే మీటర్ల స్టాకు లేదన్నారు. నా రెండున్నర నెలల కంటే నయమే. కానీ గడువు దాటితే వినియోగదారుడికి రోజుకు ఇంత అని జమ చేసే పద్ధతి గట్టిగా అమలైతే స్టాకు దానంతటదే వస్తుంది.

2022 నాటికి దేశంలో డాబాల మీద 40 గిగావాట్లు పెట్టాలని 2015లో లక్ష్యం పెట్టుకున్నారు. గడువు నాటికి అందులో నాలుగో వంతు కూడా కాలేదు. కారణాలు పెద్దవాళ్లు ఎన్నో చెప్తారు. మా వీధి నుంచి చూస్తే రెండు కనిపిస్తాయి. ఒకటి ఈ మీటరు తిప్పలు. రెండోది, తక్కువ వాడే ఇళ్లకు సోలార్ వల్ల మిగిలేది తక్కువ. ఎదురింటి వాళ్ల వాడకం 150 యూనిట్లు. 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద, రేషన్ కార్డు ఉండి 200 యూనిట్ల లోపు వాడేవాళ్లకు సున్నా బిల్లు వస్తోంది. ఆ ఇంటికి ఆ మినహాయింపు అవసరమే, నేను కాదనను. కానీ ఆ ఇంటి డాబా కూడా మా అంత వెడల్పే, మా మీద పడే ఎండే వాళ్ల మీదా పడుతోంది. ప్రభుత్వం ప్రతి నెలా ఆ బిల్లు కట్టే బదులు, కొన్నేళ్ల బిల్లు డబ్బు ఒకేసారి పెట్టి అక్కడే రెండు కిలోవాట్లు బిగిస్తే, తర్వాత ఆ ఇంటి కరెంటు ఆ ఇంటి మీదే పుడుతుంది.

వాడకంలో తెలుసుకున్న కొన్ని సంగతులు. లైన్లో కరెంటు పోతే ఎండ ఎంతున్నా మన సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కు మన కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగేలా చేస్తారు. బ్యాటరీ లేని వాటన్నిటికీ ఇంతే. మొదటి కోతలో మా ఆయన మోసపోయామనే అనుకున్నారు. మిల్లుల ఊక బూడిద పడితే పది రోజుల్లో ఉత్పత్తి తగ్గుతుంది, పొద్దున ఆరింటికి గాజు చల్లగా ఉన్నప్పుడు కడగాలి. బోరు నీళ్లతో కడిగితే తెల్లటి మరకలు కట్టి వదలవు, మేం మున్సిపాలిటీ నీళ్లు పట్టి ఉంచుతాం. కోతుల బెడద ఉన్నచోట వైర్లు పైపుల్లోంచే తీయించండి. మావి రెండుసార్లు పీకేశాయి.

ఇప్పుడు పెట్టుకునేవాళ్లకు ఖర్చు నా రోజుల కంటే తక్కువ, 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి దిగింది. నెలకు 300 యూనిట్లు దాటే ఇల్లయితే ఆలోచించకుండా పెట్టించుకోమంటాను. ఇన్వర్టర్ ఖర్చు కలిపి కూడా మాకు ఏడో ఏట డబ్బు తిరిగొచ్చింది. చెల్లెలికి డిసెంబర్ సెటిల్‌మెంట్ రావాల్సి ఉంది. దానికి కూడా ఒక నోట్‌బుక్కు కొనిచ్చాను, మొదటి పేజీలో మీటరు బిగించిన తేదీ రాయించాను.