‘ఈ చీటీ ఉంటే చాలు’ అన్నారు: పద్మినికి మెషిన్ కలిపిన రంగు, మూడేళ్ల తర్వాత

మా నాన్న 1978 ప్రీమియర్ పద్మిని కారుకి మూడేళ్ల కిందట పాత రంగంతా గీకించి టూకే పీయూ (హార్డెనర్ కలిపితే గట్టిపడే పాలీయురెథేన్ రంగు) వేయించాను. షేడ్ పట్టింది స్పెక్ట్రోఫోటోమీటర్‌తో, అంటే రంగుని చదివి ఏది ఎంత కలపాలో చెప్పే మెషిన్‌తో. అప్పట్లో అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని వేయించుకోండి అని చెప్పాను. మెరుపు వరకూ ఇప్పటికీ అదే మాట, బెజవాడ ఎండలో షెడ్డు లేకుండా నిలబడే బండి నీళ్లు పోసి తుడిస్తే ఇంకా అద్దమే. మిగతాది కొంచెం వెనక్కి తీసుకుంటున్నా.

మొదటిసారి మెషిన్ తప్పేం లేదు. బానెట్ మీద కాకుండా గ్లవ్ బాక్స్ విప్పి, ఎండ తగలని ఆ మూల కాస్త పాలిష్ కొట్టి చదివించాం, అందుకే కుదిరింది. నా కోపమంతా రంగు కలిపాక షాపులో ఇచ్చిన చీటీ మీద. ఏ టింటు (కలిపే మూల రంగు) ఎన్ని గ్రాములో ఇందులో ఉంది, పదేళ్ల తర్వాత వచ్చినా ఇదే రంగు ఇస్తాం అన్నారు షాపువాళ్లు. లామినేషన్ చేయించి ఆర్సీతో పాటు దాచుకున్నా, అంత నమ్మకం.

పోయిన వేసవిలో ఎవరిదో బైకు హ్యాండిల్ తగిలి వెనక ఎడమ తలుపు మీద జానెడు గీత పడింది. చీటీ పట్టుకెళ్తే అరలీటరు కలిపిచ్చారు, ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఆ తలుపు ఒక్కటే కొట్టించాను. ట్యూబ్‌లైటు కింద తేడా పట్టుకున్నవాడికి వెయ్యి రూపాయలివ్వచ్చు, అలా ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దాటి టీ కొట్టు దగ్గర ఆపి, గ్లాసు అందుకుని వెనక్కి తిరిగి చూద్దును కదా, బండంతా బూడిద నీలం, ఆ తలుపొక్కటే స్విమ్మింగ్ పూల్. టీ సగంలో పారబోశాను.

షాపులో గట్టిగా అడిగితే తేలిందేంటంటే, మధ్యలో టింట్ల కంపెనీ మార్చారట, పాత లెక్కని కొత్త టింట్లకి సర్దారట. నీలం పిగ్మెంటే వేరు. లోపల లైటు కింద ఒకటిగా కనిపించిన రెండు రంగులు ఎండలో విడిపోవడాన్ని మెటామెరిజం అంటారని నాకు అప్పుడే తెలిసింది. పైగా చీటీలో ఉన్నది కొత్తగా వేసినప్పటి రంగు, అన్నాళ్లు ఎండలో ఉన్న రంగు కాదు.

చివరికి బండిని గట్టెక్కించింది షెడ్డులో పెద్ద పెయింటరు. అదే అరలీటరులో మిగిలినదానికి నలుపు ఒక చుక్క, ఆ స్విమ్మింగ్ పూల్ ఆకుపచ్చ ఛాయ విరగడానికి ఎరుపు కొంచెం కలుపుతూ, ప్రతిసారీ అట్టముక్క మీద కొట్టి, ఆరబెట్టి, ఎండలోకి తెచ్చి బండికి ఆనించి చూశాడు. తడి మీద చూసి ఓకే అనకు బాబూ, ఆరితే ముదురుతుంది అన్నాడు. ఏడో అట్టకి తలూపాడు. రంగుని తలుపు అంచులో ఆపకుండా పక్క ప్యానెళ్ల మీదికి పలచగా లాగాడు. ఖర్చు రెట్టింపయింది, అది వేరే ఏడుపు.

బండి మొత్తానికైతే మళ్లీ మెషిన్ దగ్గరికే వెళ్తాను, కాకపోతే ఒక లీటరు ఎక్కువ కలిపించి హార్డెనర్ వేయకుండా దాచుకుంటా. ఒక్క ప్యానెల్‌కైతే చీటీని నమ్మను. నాది ప్లెయిన్ రంగు, మెరుపు పొడి కలిసిన మెటాలిక్ రంగు వాళ్ల కష్టాలు వేరే ఉంటాయి. ఇప్పటికీ మబ్బు పట్టిన రోజు ఆ తలుపు నా కంటికి ఆనుతుంది. నాన్న మాత్రం అన్నీ ఒకటేగా, నీ చాదస్తం అంటారు. ఆయన శుక్లాల ఆపరేషన్ రెండేళ్లుగా వాయిదా వేస్తున్నారు లెండి.