జాగ్రత్త: కోచ్‌లకు అమ్ముతున్న ‘రీఇన్వెన్షన్’ (కొత్త అవతారం) ప్యాకేజీలు

ముందే చెప్పాలి, ఇది ఎంసెట్, గ్రూప్స్ కోచింగ్ సంగతి కాదు. లైఫ్ కోచ్, కెరీర్ కోచ్, ఎగ్జిక్యూటివ్ కోచ్‌గా నాలుగేళ్లు పనిచేసి, ఇప్పుడు క్లయింట్లు పల్చబడేసరికి ‘ఉన్నదాంట్లోనే లోతుకి వెళ్దామా, లైను మారదామా’ అని ఊగిసలాడేవాళ్ల కోసం. ఆ ఊగిసలాట మీదే ఇప్పుడు పెద్ద బేరం నడుస్తోంది.

99 రూపాయల వెబినార్‌తో మొదలవుతుంది. ఏఐ వచ్చేసింది, పాత పద్ధతి కోచింగ్ పనైపోయింది అని రెండు గంటలు భయపెట్టి, ఆఖర్న ‘ఈ రాత్రి 12 లోపు మాత్రమే’ అంటూ లక్షన్నర శిక్షణ ప్యాకేజీ బయటికి తీస్తారు. మర్నాడు వచ్చే ‘స్ట్రాటజీ కాల్’ చేసేది చాలాసార్లు కోచ్ కాదు, కమిషన్ మీద బతికే సేల్స్ మనిషి. ‘పదివేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోండి’ అనేది అతని మొదటి మెట్టు. ఆ పదివేలు తిరిగి వస్తాయా రావా అన్నది రాతలో రానిదే పైసా కట్టకండి.

ఎక్కువమంది బోల్తా పడేది సర్టిఫికెట్ దగ్గర. మన దేశంలో కోచింగ్ చెయ్యడానికి ప్రభుత్వ లైసెన్స్ అంటూ ఏదీ లేదు. అందుకే ‘ఐఎస్ఓ సర్టిఫైడ్’, ‘ఎంఎస్ఎంఈ రిజిస్టర్డ్’ లాంటి ముద్రలు బ్రోషర్ మీద మెరుస్తుంటాయి. ఎంఎస్ఎంఈ ముద్ర వచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారం ఉన్న ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా తీసుకోవచ్చు. దానికీ కోర్సు నాణ్యతకీ సంబంధం లేదు. ఐసీఎఫ్ (కోచ్‌లకు అర్హతలిచ్చే అంతర్జాతీయ సంస్థ, ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) పేరు చెప్తే ఇంకా జాగ్రత్తగా అడగాలి: కోర్సుకి లెవెల్ 1, లెవెల్ 2, లెవెల్ 3లో ఏ గుర్తింపు ఉంది, లేక ఉన్నది సీసీఈ ఒక్కటేనా? సీసీఈ అంటే కొనసాగింపు చదువు. మూడేళ్లకోసారి క్రెడెన్షియల్ (ఐసీఎఫ్ ఇచ్చే అర్హత) రెన్యువల్‌కి కావలసిన 40 యూనిట్లలో పనికొస్తుంది గానీ, అదొక్కటీ పూర్తిచేస్తే మీ ఏసీసీ (మొదటి మెట్టు అర్హత) పీసీసీ (దాని పై మెట్టు) అయిపోదు. పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల కోచింగ్ అనుభవం కావాలి, అందులో 450 డబ్బు తీసుకుని చేసినవై ఉండాలి. ఆ అనుభవం గంటలు ఏ ప్యాకేజీలోనూ దొరకవు. ‘వారాంతంలో 10 గంటల మెంటార్ కోచింగ్ పూర్తి’ అన్నారంటే అక్కడే ఆగిపోండి. అనుభవమున్న కోచ్ మీ పని చూసి సరిదిద్దే ఆ 10 గంటలు కనీసం 3 నెలల మీద పరుచుకుని ఉండాలి, అందులో కనీసం 3 గంటలు ఒకరితో ఒకరుగా జరగాలి. సంస్థ పేరు ఐసీఎఫ్ సైట్‌లో మీరే వెతకండి. వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ నమ్మకండి.

ధర లెక్క చూద్దాం. 1,50,000 అని చెప్పినదాని మీద 18 శాతం జీఎస్టీ 27,000 కలిస్తే 1,77,000. మీ టర్నోవర్ 20 లక్షల లోపుండి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ 27,000 వెనక్కి రాదు. సెషన్‌కి 2,500 తీసుకునే కోచ్ ఈ డబ్బు రాబట్టాలంటే 71 సెషన్లు చెయ్యాలి, అదీ తన తిండి ఖర్చు పక్కన పెడితే.

‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నది చాలాసార్లు ట్రైనర్ ఇచ్చే వాయిదా సదుపాయం కాదు, మీ పేరు మీద ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని అప్పుల సంస్థ) ఇచ్చే అప్పు. ట్రైనర్‌కి డబ్బు ముందే చేరిపోతుంది, క్లాసులు ఆగినా మీ వాయిదా ఆగదు, కట్టడం మానేస్తే సిబిల్ స్కోర్ పడుతుంది. ఓటీపీ చెప్పేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (వడ్డీ, ఫీజులు, షరతులు రాసి ఉండే కాగితం) అడిగి తీసుకోండి. డిజిటల్ అప్పుకి ఆర్‌బీఐ నియమాల ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు (మనసు మార్చుకునే వ్యవధి) ఉంటుంది, కనీసం ఒక రోజు. ఆ లోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటపడొచ్చు.

రీఫండ్ షరతులో మెలిక రెండు రకాలు. ‘7 రోజుల్లో రీఫండ్’ అంటారు, మొదటి క్లాసు పదో రోజున పెడతారు. లేదంటే అన్ని క్లాసులకీ హాజరై, అన్ని వర్క్‌షీట్లూ నింపి, ముప్పై సేల్స్ కాల్స్ చేసిన రుజువు చూపిస్తేనే అంటారు.

ఇక ‘మా స్టూడెంట్ నెలకి ఐదు లక్షలు’ అనే స్క్రీన్‌షాట్లు. ఒక్క ప్రశ్న వెయ్యండి: ఆ ఐదు లక్షలు కట్టింది ఎవరు? టీమ్ లీడ్‌లు, వ్యాపారులు, కంపెనీ హెచ్ఆర్‌లా, లేక మళ్లీ కోచ్‌లేనా? కోచ్‌లకి కోచింగ్ అమ్మే కోచ్‌లే గొలుసుకట్టుగా ఉంటే, ఆఖరి వరసలో చేరే మీకు కొనేవాళ్లు మిగలరు.

అసలు మారాలా వద్దా అన్నది మీ సొంత పుస్తకమే చెప్తుంది. గత 12 నెలల క్లయింట్లందర్నీ ఒక షీట్‌లో రాయండి: ఎలా వచ్చారు, ఎన్ని సెషన్లు చేశారు, మళ్లీ కొన్నారా, ఇంకెవర్నైనా పంపారా. కొత్తవాళ్లు వస్తున్నారు గానీ మూడో సెషన్ తర్వాత జారిపోతున్నారంటే లోపం పనితనంలో ఉంది. పేరు మార్చినా బోర్డు మార్చినా ఆ జారుడు ఆగదు. రికార్డ్ చేసిన సెషన్లు (క్లయింట్ అనుమతితోనే) ఒక మంచి మెంటార్‌కి వినిపించుకోవాలి, ఖర్చు అక్కడ పెట్టాలి. ఉన్నవాళ్లు నిలబడి మళ్లీ కొంటున్నారు, కొత్తవాళ్లే రావడం లేదంటే పనితనం బాగానే ఉంది, అడిగే జనం మారారు. అప్పుడు కూడా ప్యాకేజీ కొనక్కర్లేదు. కొత్త రకం క్లయింట్లు ఐదుగురికి ఆరేసి సెషన్లు, తక్కువైనా సరే డబ్బు తీసుకుని చెయ్యండి. ఉచితంగా చేస్తే అందరూ బాగుందనే అంటారు. ఐదుగురిలో ఇద్దరైనా పూర్తి ధరకి కొనసాగకపోతే ఆ దారి మీది కాదు, పోయింది మూడు నెలలే.

ఇప్పటికే కట్టేసినవాళ్లు వాట్సాప్ చాట్ ఈ రోజే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఆలస్యం చేస్తే పాత వాగ్దానాలు దొరక్కపోవచ్చు. రీఫండ్ అడిగేది ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లో, తేదీ వేసి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) వెయ్యండి, ఆలస్యం చేస్తే గడువు దాటిపోతుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అప్పు ఇచ్చిన సంస్థకి విడిగా రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి, 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఈ గొడవ తేలేదాకా ఈఎంఐ మాత్రం ఆపకండి. ట్రైనర్ మీద కోపంతో వాయిదా ఎగ్గొడితే దెబ్బ తగిలేది మీ స్కోర్‌కే.