అగత్తి: టికెట్టు పడమర, తమాషా తూర్పున

లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో అద్దాల అడుగున్న పడవకు మనిషికి 1,000 రూపాయలు తీసుకున్నారు. చూపించింది తెల్ల ఇసుక. సముద్రం వెనక్కి తీసే పాటు వేళ లగూన్‌లో, అంటే పగడపు గట్టు లోపలి లోతులేని ఉప్పునీటి మడుగులో, నీరు చాలదు, పగడాల గుట్టల దాకా పోతే పడవ అడుగు గీరుకుంటుంది. అందుకని ఇసుక మీదే అరగంట తిప్పి దింపేశారు. జట్టులో ఇద్దరు ఆ పూటంతా మొహాలు మాడ్చుకునే ఉన్నారు. పడవ ఎక్కాలంటే పోటు నిండే వేళ, ఎండ నడినెత్తికి దగ్గరపడ్డాకే ఎక్కాలి. ఆ గంట ఇవ్వమంటే ప్యాకేజీ వాళ్ళు నసుగుతారు, వదలొద్దు.

పాటు వేళ వెళ్ళాల్సింది తూర్పు ఒడ్డుకి. అక్కడ పైసా ఖర్చు లేదు, ప్యాకేజీలో దాని ఊసూ లేదు. లక్షద్వీప్ దీవుల్లో చాలావరకు తమ పగడపు వలయానికి తూర్పు అంచునే ఉన్నాయి. పడమర లగూన్, దానికి ఆవల అలలు విరిగే గట్టు. తూర్పున ఆ గట్టు ఒడ్డుకు ఆనుకునే ఉంటుంది, అది దాటితే ఒక్కసారిగా లోతు.

అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు బాగా తీసి ఆ గట్టు బయటపడుతుంది, దాని మీద నడిచి చూడొచ్చు. అట్టడుగు పాటుకు గంటన్నర ముందు దిగాలి, నీరు తిరగబడగానే వెనక్కి రావాలి. ఆ సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి గంట నమ్ముకోవద్దు. గాలి లేకపోయినా దూరపు తుపానులు లేపిన అలలు గట్టు మీదికి ఎక్కుతాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరిక చూసుకుని దిగండి. మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి. రాయిచేప అచ్చం రాయిలాగే పడుంటుంది, దాని ముల్లు దిగితే నరకమే. కాలిని సుమారు 45 డిగ్రీల వేడి నీటిలో అరగంటకు పైగా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నీరు ఎంత వేడో కుట్టని కాలితో చూడాలి, నొప్పిలో ముల్లు దిగిన కాలు బొబ్బలెక్కినా తెలియదు.

ఒడ్డు పైభాగంలో కుప్పలుగా పడున్న పగడపు ముక్కలు తుపానులు విసిరినవి. కల్పేనిలో 1847 తుపాను పోసిన కట్ట ఇప్పటికీ ఉంది. కాస్త కిందికి, సముద్రం వైపు వాలిన పలకలు. పాత కాంక్రీటు గోడ అనుకుంటారు గానీ, ఇసుక రేణువులను సున్నం అతికించగా పుట్టిన తీరశిల అది. దానికి ఆవల గుంటల్లో సముద్ర దోసకాయలనే, ఇసుక పూసుకున్న నల్లటి మెత్తటి జీవులు, సందుల్లో మోరే పాములచేపలు, నీలం పెదవులు తెరుచుకున్న ట్రైడాక్నా ఆల్చిప్పలు. బతికున్న పగడం మీద అడుగు పెట్టకండి. చచ్చిన ముక్కయినా సంచిలో వేసుకోకండి. రాతి పగడాలకు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది, విమానాశ్రయంలో దొరికితే కేసే.

ప్రకటనల్లోని రంగులు ఆశించి స్నార్కెలింగ్‌కు దిగితే నిరాశ తప్పదు. 1998, 2010, 2016 వేడి ఏళ్ళలో పగడాలు తెల్లబారి చాలా చచ్చాయి. ముందు పోయేవి కొమ్మల పగడాలు. ఏడాదికి సుమారు సెంటీమీటరు పెరిగే గుండ్రటి పోరైటిస్ బండలు కొంత తట్టుకుంటాయి. తాబేళ్ళు మాత్రం దండిగా కనిపిస్తాయి. అవి మేసి మేసి లగూన్ గడ్డి తరిగిపోయింది, జాలర్ల గొణుగుడంతా అందుకే.

కింద ఉన్నది మునిగిపోయిన అగ్నిపర్వతాల వరుస. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద, లావా పైకి తన్నే వేడి చోటు మీదుగా భారత ఫలకం ఉత్తరానికి జరిగిన కొద్దీ ఏర్పడ్డ గీత అది. దక్కన్ లావా కూడా దాని పనేనంటారు. అంటే వికారాబాద్ నల్లరాయీ, రాజమండ్రి దగ్గర కాతేరు క్వారీల రాయీ వీటికి చుట్టాలే. కొండ కుంగుతుంటే పగడం పైకి కట్టుకుంటూ వచ్చింది.

గదిలో స్నానం నీళ్ళు ఉప్పగా ఉన్నాయని ఇంటివాళ్ళతో గొడవపడటం దండగ. ఇసుకలో ఇంకిన వాన నీరు ఉప్పునీటి మీద పలచటి కటకంలా తేలుతుంది, మోటారుతో గట్టిగా తోడితే కింది ఉప్పు పైకొస్తుంది. తాగడానికి సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు ఉంది. 2005లో పక్క దీవి కవరత్తిలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) మొదటిది పెట్టింది, రోజుకు లక్ష లీటర్లు. లోతు నుంచి తోడిన చల్లటి నీటితో పైనీటి ఆవిరిని చల్లార్చడమే దాని కిటుకు.

ట్యూనా, కొబ్బరి తినేవాళ్ళకు భోజనం పండగే. కూరగాయలు ఓడలో కేరళ నుంచి రావాలి, ఓడ ఆలస్యమైతే శాకాహారికి అన్నం, పప్పే గతి. ఆవకాయ సీసా సర్దుకోండి, మూత గట్టిగా బిగించి చెకిన్ సంచిలో.