అగ్రిమెంటులో క్లాజా, పాలసీలో కవరా?

ఉగ్రవాద దాడిలో గోడౌన్ దెబ్బతింటే ఈ రెండూ చేసే పని ఒకటి కాదు. అగ్రిమెంటులోని ఫోర్స్ మెజ్యూర్ క్లాజు, అంటే మన చేతుల్లో లేని విపత్తులకు మినహాయింపు ఇచ్చే షరతు, గడువు తప్పినందుకు జరిమానా పడకుండా కాపాడుతుంది, అంతే. పోయిన సరుకుకు రూపాయి కూడా ఇవ్వదు. అసలు క్లాజే లేకపోతే 1872 కాంట్రాక్టు చట్టంలోని 56వ సెక్షనే దిక్కు. అక్కడ పని అసాధ్యమైందని రుజువు చేయాలి. ఖర్చు పెరిగిందంటే కుదరదు.

డబ్బు ఇచ్చేది ఇన్సూరెన్సే. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత విదేశీ రీఇన్సూరెన్స్ కంపెనీలు (ఇన్సూరెన్స్ కంపెనీలకే ఇన్సూరెన్స్ ఇచ్చేవి) ఈ రిస్కు నుంచి తప్పుకోవడంతో, 2002లో మన జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు కలిసి టెర్రరిజం పూల్, అంటే ఉగ్రవాద నష్టాలను పంచుకునే ఉమ్మడి ఏర్పాటు, పెట్టుకున్నాయి. దాన్ని ప్రభుత్వ రీఇన్సూరెన్స్ సంస్థ జీఐసీ రీ చూసుకుంటుంది. ఉగ్రవాదులను అణచడానికి భద్రతా దళాలు తీసుకున్న చర్యలో గోడ కూలినా ఈ కవర్ వర్తిస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

కానీ స్టాండర్డ్ ఫైర్ పాలసీలో అల్లర్లు, సమ్మెల నష్టం ఉన్నా ఉగ్రవాదం ఉండదు. అదనపు ప్రీమియం కట్టి చేర్చుకోవాలి. ఇళ్ల కోసం 2021లో వచ్చిన భారత్ గృహ రక్షలో మాత్రం అది ముందే ఉంది.

నన్నడిగితే వ్యాపారికి ముందు కవర్, తర్వాతే క్లాజు. ఈ రోజే పాలసీ తీసి, షెడ్యూల్ పేజీలో టెర్రరిజం అన్న చోట ప్రీమియం అంకె ఉందో, సున్నా ఉందో చూడండి.